పగబట్టి నేర్చిన భాష

మనిషి రెండో భాష ఎలా నేర్చుకుంటాడన్న విషయం మీద పెద్దలు చాలా ఆలోచించారు. ఆకలి నేర్పుతుందని కొందరన్నారు. ప్రేమ నేర్పుతుందని కొందరన్నారు. పంతుళ్ళు మాత్రం బెత్తాన్ని నమ్ముకున్నారు. ఈ మూడింటి సాయమూ లేకుండా, కేవలం ఒక మనిషి మీద కక్షతో, మేకల దొడ్లో కూర్చుని అరబ్బీ అంతటి భాషను లొంగదీసుకున్న లింబాద్రి సంగతి ఆ పెద్దల చెవిన పడకపోవడం శాస్త్రానికి జరిగిన నష్టం.

లింబాద్రిది భీంగల్ పక్క పల్లె. ఖతర్‌లో ఉమ్ సలాల్ దగ్గర ఒక అర్బాబ్ తోటలో మేకలు చూసుకునేవాడు. అర్బాబ్ అంటే యజమాని. జీతమూ, వీసా, సెలవూ అన్నీ ఆయన చేతిలోనివే. ఆ రోజుల్లో దేశమంతా ప్రపంచ కప్పు కోసం తవ్విపోసి ఉంది. లింబాద్రి ఊరివాళ్ళు క్యాంపుల్లో ఉంటూ అల్ తుమామా వైపు స్టేడియం పనులకు పోతున్నారు. అలాంటి కాలంలో కొడుకు మేకలు కాస్తున్నాడని చెప్పుకోవడం తల్లి ఎల్లవ్వకు నచ్చలేదు. "నా కొడుకు దుబాయ్‌ల స్టేడియం కడుతున్నడు" అని ఊళ్ళో చెప్పేది. దేశమూ తప్పే, పనీ తప్పే. గౌరవం మాత్రం చేరవలసిన చోటికే చేరేది.

తోటలో పనివాళ్ళు ఇద్దరు. రెండోవాడు సురేందర్, లింబాద్రి పక్క ఊరివాడే, వయసులో చిన్నవాడు, తోటకు ముందు వచ్చినవాడు. మేకలు లింబాద్రివి. పికప్ బండి, నీళ్ళ మోటారు, మాట సురేందర్‌వి. పికప్‌లో పాలు, గడ్డి వేసుకుని మార్కెట్‌కు తిరుగుతూ సురేందర్ అరబ్బీ పట్టుకున్నాడు. అర్బాబ్ ఏదన్నా చెబితే సురేందర్ తెలుగులో చెప్పాలి. లింబాద్రి ఏదన్నా అంటే సురేందర్ అరబ్బీలో విన్నవించాలి. పూర్వం దొరల కచేరీల్లో దుబాసీలుండేవారు. మేకల దొడ్డికి కూడా దుబాసీ ఉండడం లింబాద్రికి మొదట్లో గొప్పగానే అనిపించింది.

"నాక్కూడ నాలుగు ముక్కలు నేర్పరాదు సురేందర్" అని ఒకసారి అడిగాడు.

"నీకెందుకే లింబన్న గా తిప్పలు? నేనున్న గద" అన్నాడు సురేందర్ ఎంతో ప్రేమగా.

తాల్, రూహ్, మాఫీ, ఖలాస్. అంటే రా, పో, లేదు, అయిపోయింది. మనిషి జీవితానికి ఈ నాలుగు మాటలూ చాలునని లింబాద్రి అనుకున్నాడు. మేకలు కూడా అలాగే అనుకున్నాయి. కొన్నేళ్ళు అలా గడిచాయి.

రెండువేల పదిహేడు మొదట్లో లింబాద్రి చెల్లెలు తిరుమలకు పెళ్ళి కుదిరింది. తండ్రి లేని పిల్ల. పీటల దగ్గర తండ్రి స్థానంలో నిలబడవలసింది అన్నే. అర్బాబ్ సెలవు ఇస్తే చలికాలంలో, ఒక్కడికే ఇస్తాడు. ఆ సంవత్సరం అడగడానికి సురేందర్‌ను వెంటబెట్టుకుని లింబాద్రి మజ్లిస్‌కు వెళ్ళాడు. మజ్లిస్ అంటే అర్బాబ్ అతిథులను కూర్చోబెట్టే గది. గోడ పొడుగునా మెత్తలు, మధ్యలో గహ్వా అనే అరబ్బీ కాఫీ కూజా, మూలన పెద్ద టీవీ. "మా చెల్లె లగ్గం. నేను లేకుంటే నడువదు. నెల దినాలకు పంపుమను" అని లింబాద్రి చెప్పాడు. సురేందర్ దాన్ని అరబ్బీలో చెప్పాడు. లింబాద్రి చెప్పినదానికంటే అది చాలా పొడుగ్గా ఉంది. మధ్యలో సురేందర్ చెయ్యి ఒకసారి గుండె మీదికి వెళ్ళింది. వింటున్న అర్బాబ్ మొహం మెత్తబడింది. ఆయన లేచి వచ్చి లింబాద్రి భుజం తట్టి, తన చేత్తో ఖర్జూరం పళ్ళెం అతని చేతికిచ్చాడు.

సెలవు దొరికినట్టేననుకుని లింబాద్రి కళ్ళు తుడుచుకున్నాడు.

బయటికి వచ్చాక సురేందర్ తల అడ్డంగా ఊపాడు. "ఈసారి కాదంటుండు లింబన్న. మేకలు ఈనే కాలమట. నువ్వు లేకుంటే నడువదట. నన్నే పోయి రమ్మన్నడు. ఏం జేస్తం, గాచారం! నేను పోయి నీ తరఫున చూసుకుంట లగ్గం. ఫికర్ జెయ్యకు."

సురేందర్ అన్నమాట నిలబెట్టుకున్నాడు. పెళ్ళి ఫోటోలు ఫోన్‌లో వచ్చాయి. పీటల పక్కన, లింబాద్రి నిలబడవలసిన చోట, సురేందర్ నిలబడి ఉన్నాడు. ఒంటి మీద కొత్త బట్టలు: గంధం రంగు చొక్కా, తెల్ల ప్యాంటు.

ఎల్లవ్వ ఫోన్‌లో పొంగిపోయింది. "సురేందర్ దేవునోలె వచ్చిండు బిడ్డా! ఆయ్న లేకుంటే పదుగురిల నా పరువు పోతుండె. నీ తావుల ఆయ్నే నిలవడ్డడు. పిల్లను అప్పజెప్పేటప్పుడు ఎట్ల ఏడ్చిండో, సొంత అన్న సుత గట్ల ఏడ్వడు. నీకు కొన్న బట్టలు ఆయ్నకే పెట్టిన. కొలిచి కుట్టిచ్చినట్టు సరిపోయినయ్."

ఇంతవరకు పగ లేదు. ఉన్నది బెంగే. సురేందర్ పెళ్ళింటి సకినాలు, గారెలు మూట కట్టుకుని తిరిగి వచ్చినప్పుడు, లింబాద్రి అతనికి నిజంగానే మొక్కాడు.

పగ వచ్చింది గౌస్ మొహియుద్దీన్ నోటి గుండా. గౌస్‌ది నిజామాబాద్. అర్బాబ్ కుటుంబం పట్నంలో, అల్ హిలాల్ అనే పేటలో, విల్లాలో ఉండేది. ఆ ఇంటి కారు గౌస్ నడిపేవాడు. అర్బాబ్ తల్లికి విల్లా గిట్టదు. అందుకని ప్రతి గురువారం ఆమెను తోటకు తెచ్చి, సాయంత్రం తీసుకుపోయేవాడు. ఆ గురువారం దొడ్డి దగ్గర నిలబడి పెళ్ళి సకినం కొరుకుతూ గౌస్ అన్నాడు:

"మాషా అల్లా, మస్తు దిల్ ఉన్నోనివి భాయ్ నువ్వు. ఇంకొకడైతే ఇయ్యడు సెలవు."

"నేనేమిచ్చిన? నాకే ఇయ్యలే గద."

"అరే, ఆ దినం మజ్లిస్‌ల నువ్వు అడిగినంక నేను గహ్వా పట్టుకొని వచ్చిన కదా! సురేందర్ చెప్పిండు కదా అర్బాబ్‌కు. లింబాద్రి ఉమ్మ్ మాఫీ, ఉఖ్త్ మాఫీ. తల్లి లేదు, చెల్లె లేదు, ఎవ్వరూ లేరు బిచారాకు, మేకలే ఆయన పిల్లలు. పెళ్ళి సురేందర్ చెల్లెదట, సురేందర్‌నే పంపుమని లింబాద్రే అంటున్నడట. అర్బాబ్ కళ్ళల్ల నీళ్ళు వచ్చినయ్. నీకు అందుకే ఖజూర్ ఇచ్చిండు."

లింబాద్రి చేతిలోని సకినం నాలుగు ముక్కలైంది.

బతికున్న తల్లిని చంపి, చెల్లెల్ని కాజేసి, తనకు కొన్న బట్టలు కట్టుకుని పెళ్ళిలో ఏడ్చి వచ్చిన మనిషి తెచ్చిన సకినం తాను తింటున్నాడు. అది కరకరలాడుతూ బాగానే ఉండడం మరీ ఘోరం.

"ఇప్పుడే పోయి చెప్పు అర్బాబ్‌కు. అబద్ధమని చెప్పు" అన్నాడు లింబాద్రి.

గౌస్ సకినం పొడి దులుపుకున్నాడు. "నేను డ్రైవర్ భాయ్. స్టీరింగ్ తిప్పమంటే తిప్పుతా, మాట తిప్పమనకు. నీ మాట నువ్వే చెప్పుకో."

ఆ మాట లింబాద్రికి మొదట నిష్ఠూరంగా, తర్వాత న్యాయంగా తోచింది. అరువు నోటితో ఒకసారి ఇల్లు కాలింది. మళ్ళీ అరువు తేవడమెందుకు? ఆ దొంగను అదే మజ్లిస్‌లో, అదే అర్బాబ్ ముందు, అరబ్బీలోనే, సొంత నోటితో పొడవాలి. అప్పటిదాకా తెలిసినట్టు కనబడకూడదు. పూర్వం పగబట్టినవాళ్ళు జుట్టు విరబోసుకుని శపథాలు చేసేవారని వింటాం. లింబాద్రిది అప్పటికే బట్టతల. అందుకని ఫోన్ తెర మీద చెల్లెలి పెళ్ళి ఫోటో పెట్టుకున్నాడు. రోజూ సమయం చూసుకోవడానికి ఫోన్ తీస్తే ముందు గంధం రంగు చొక్కా కనబడేది. ఆ తర్వాతే గంట ఎంతైందో తెలిసేది.

పగ సరే, పాఠం ఎక్కడ? గౌస్‌ను అడిగితే పూటకో పది మాటలు చెప్పాడు. పొద్దున నేర్చినవి గడ్డి వేసేసరికి పోయేవి. మజ్లిస్‌లో అర్బాబ్ ఫుట్‌బాల్ చూస్తున్నప్పుడు గిన్నెలు తీసే నెపంతో టీవీ వ్యాఖ్యాతను వినేవాడు. ఆ మనిషి గుక్క తిప్పుకోకుండా అరిచేవాడు. అందులో లింబాద్రికి అర్థమైంది గోల్ అన్న ఒక్కటే.

చివరికి గురువు దొడ్లోనే దొరికింది. అర్బాబ్ తల్లి. అందరూ ఆమెను యుమ్మా అనేవారు, అంటే అమ్మా అని. మనవాళ్ళు పసివాళ్ళను ముద్దుగా అమ్మా అన్నట్టు, ఆమె కూడా ఎదుటివాళ్ళను యుమ్మా అనేది. గురువారం వచ్చిందంటే మేకల మధ్య బల్ల వేయించుకుని, చేతికర్ర ఆనించుకుని, మాట్లాడడం మొదలుపెట్టేది. కొడుకు వినడు, కోడలికి తీరిక లేదు, మనవలు ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు. మిగిలినవి మేకలు. వాటితో పాటు లింబాద్రి. ఆమె నాన్న ముత్యాల కోసం సముద్రంలో మునగడం, ఒక ఏడాది ఆయన పడవ ఆలస్యం కావడం, ఆడవాళ్ళంతా ఒడ్డున నిలబడి సముద్రాన్ని తిట్టడం, చివరికి పడవ రావడం. ఇదే కథ. ప్రతి గురువారం ఇదే, అవే మాటల్లో, అవే చోట్ల ఆగుతూ.

ఇళ్ళల్లో ముసలివాళ్ళు చెప్పిందే చెబుతారని విసుక్కుంటాం. భాష నేర్చుకునేవాడికి అంతకంటే వరం లేదు. మొదట్లో లింబాద్రికి అదంతా వానచప్పుడులా ఉండేది. ఒక గురువారం ఆ చప్పుడులోంచి 'నీళ్ళు' అన్న మాట ఊడి ఒళ్ళో పడింది. ఇంకోసారి 'నాన్న'. ఆ తర్వాత 'రాలేదు, రాలేదు, వచ్చాడు'. ఎండలు ముదిరేసరికి ఆమె ఎక్కడ నవ్వుతుందో అతనికి తెలిసి, ఒక క్షణం ముందే నవ్వేవాడు. ఆమె సంతోషంతో కర్ర పెట్టి అతని మోకాలి మీద కొట్టేది. అతను తప్పు పలికితే తప్పని అనేది కాదు. ఆవు దూడను నాకినట్టు, ఆ మాటనే శుభ్రం చేసి తిరిగి అతని నోటికి అందించేది.

ఆ వేసవిలోనే పొరుగు దేశాలు దారులు మూసేశాయి. బయటి పాలు ఆగిపోయి ఖతర్‌లో మేకకు మర్యాద పెరిగింది. అర్బాబ్ ఇంకో మంద కొన్నాడు. మందతో పాటు ఒక గడ్డపు మేకపోతు వచ్చింది. బలిసింది, పక్కదాని మేత లాక్కు తినేది. లింబాద్రి దానికి సురేందర్ అని పేరు పెట్టాడు. ఇక రోజూ పొద్దున దానికి విచారణ. "నువ్వు అబద్ధం చెప్పావు. నాకు అమ్మ ఉంది. నాకు చెల్లెలు ఉంది" అని అరబ్బీలో నేరం చదివేవాడు. మేకపోతు నెమరు వేస్తూ వినేది. ఒక్కనాడూ కాదనలేదు.

కొరత ఒక్కటే. తిట్లు. పగకు తిట్లు లేకపోతే కత్తికి పిడి లేనట్టు. గౌస్‌ను అడిగితే చెంపలేసుకున్నాడు. "తౌబా! మొన్ననే మక్కా పోయి ఉమ్రా చేసి వచ్చిన భాయ్, నోరు పాడు చేయించకు." ఇక యుమ్మా నోటి నుంచే రాబట్టాలని, ఒక గురువారం లింబాద్రి కావాలనే మేకపోతును విడిచిపెట్టాడు. అది వెళ్ళి ఆమె నల్ల పైవస్త్రం అంచు నమలసాగింది. లింబాద్రి చెవులు రిక్కించాడు. యుమ్మా వంగి చూసి, "అల్లా యహ్దీక్, ఫిదేతక్" అంది. అంటే దేవుడు నీకు మంచి బుద్ధి ఇవ్వాలి, నీకోసం నా ప్రాణమిస్తా నాన్నా, అని.

బట్ట తినేదాన్నే అలా అంటే, ఈమె దగ్గర తిట్లు దొరకవని తేలిపోయింది.

మాటలు తెలుస్తున్నకొద్దీ మంట పెరిగింది. ఒకసారి అర్బాబ్ తన వైపు చూపించి, "ఇతని గదిలో ఏసీ పాతది, కొత్తది పెట్టించు" అన్నాడు. సురేందర్ తిరిగి, "దొడ్డి వాసనొస్తుందంటుండు లింబన్న, సరిగ కడుగుమంటుండు" అని చెప్పాడు. కొత్త ఏసీ సురేందర్ గదిలో బిగిసింది. ఇంకోసారి కవల మేకపిల్లలను బతికించినప్పుడు, "ఈ మనిషి చేతిలో బరకత్ ఉంది, పట్టిందల్లా పెరుగుతుంది" అన్నాడు అర్బాబ్. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి, "గడ్డి ఎక్కువ ఖర్చయితుందట" అయింది. ఏసీ పోతే పోయింది. తన గురించి జీవితంలో ఒకరన్న ఒక మంచి మాటను కూడా మధ్యలో తినేశాడే! లింబాద్రి చేతులు కట్టుకుని, ఏమీ తెలియనివాడిలా, "సరే అను తమ్ముడూ" అన్నాడు. ఆ రోజు మేకపోతుకు రెండు పూటలా విచారణ జరిగింది.

ఎవ్వరూ లేని అనాథ అని అర్బాబ్ మాత్రం దయగానే చూసేవాడు. పండగకు పాత కోటు, రంజాన్‌లో గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించిన హరీస్ పెద్ద గిన్నెడు. మేకల తల నిమిరి, అదే చేత్తో లింబాద్రి తలా నిమిరేవాడు. సెలవు మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఎవ్వరూ లేనివాడు ఎక్కడికి పోతాడు? ఆ అబద్ధం ఒక్క పెళ్ళితో తీరేది కాదని, ఇక తనకు ఎన్నటికీ ఇంటిదారి ఉండదని లింబాద్రికి అప్పుడు అర్థమైంది.

తిరుమలకు కొడుకు పుట్టాడు. రెండువేల పంతొమ్మిది జనవరిలో ఎల్లవ్వ ఫోన్ చేసింది. "పిలగానికి పదకొండో నెల పడుతది. గుట్ట మీద పుట్టెంట్రుకలు తీస్తం. మేనమామ ఒళ్ళె కూసోబెట్టుకొని మొదటి కత్తెర పెట్టాలె. వస్తవా కొడుకా?"

"వస్తనే అవ్వ."

"ఏమోరా. సురేందర్ ఫోన్ జేసిండు. లింబన్నకు సెలవు దొరకది, నేను వస్తున్న, మేనమామ లెక్క నేనే కూసుంట, రంది పడకుండ్రి అన్నడు. మంచి పిలగాడు. ఆయ్నకు బట్టలు ఏం రంగు తేవాలె?"

లింబాద్రి ఫోన్ పెట్టేసి, దొడ్లోకి వెళ్ళి, మేకపోతు ముందు నిలబడ్డాడు. ఈసారి విచారణ జరపలేదు. తీర్పు రోజు దగ్గరపడితే మళ్ళీ విచారణలెందుకు?

ఫిబ్రవరి ఒకటో తేదీ శుక్రవారం ఆసియా కప్పు ఫైనల్. ఖతర్ ఆడుతోంది. సాయంత్రం మజ్లిస్ నిండా అర్బాబ్ అన్నదమ్ములు, స్నేహితులు. గౌస్ గహ్వా కాస్తున్నాడు, లింబాద్రి చిన్న పింగాణీ ఫింజాన్‌లలో పోస్తున్నాడు. నాలుగేళ్ళలోపు ప్రపంచ కప్పు జరపబోతున్న దేశం ఆ రాత్రి ఆసియా కప్పు గెలిచింది. తెల్లని పొడుగు అంగీలవాళ్ళు లేచి గంతులేశారు. ఒక పెద్దాయన తలగుడ్డ విసిరేస్తే అది గహ్వా కూజా మీద పడింది. అర్బాబ్ కళ్ళు మెరుస్తున్నాయి. పనివాళ్ళ వైపు తిరిగి, "ఈ రోజు ఏమన్నా అడగండి" అన్నాడు.

సురేందర్ అందుకోసమే కాచుకుని ఉన్నాడు. ముందుకు వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టి, "అన రూహ్ బలద్" అన్నాడు. నేను ఊరికి పోతా, చెల్లెలి కొడుక్కి వేడుక. తర్వాత లింబాద్రి వైపు చెయ్యి చూపి, జాలిగా నిట్టూర్చి, "హాదా మిస్కీన్. ఉమ్మ్ మాఫీ, ఉఖ్త్ మాఫీ" అన్నాడు. ఇతను పాపం దిక్కులేనివాడు. తల్లి లేదు, చెల్లి లేదు. ఇతను మేకల్ని చూసుకుంటాడు.

అర్బాబ్ తల ఊపబోయాడు.

లింబాద్రి ఫింజాన్ కింద పెట్టాడు. రెండేళ్ళుగా నూరిన కత్తి. మేకపోతు ముందు వేయిసార్లు చదివిన నేరపత్రం. ఇన్నాళ్ళు నమిలిన అవమానం. అన్నీ కలిసి గొంతులోకి తోసుకువచ్చాయి. నోరు తెరిచాడు. అతనికి తెలిసిన అరబ్బీ ఏదో అదే వచ్చింది.

"యుమ్మా, ఫిదేతక్" అన్నాడు అర్బాబ్‌తో. "నా కంటిపాపా, నీకోసం నా ప్రాణమిస్తా, కాస్త ఇటు చూడు నాన్నా. దేవుడు నీకు నూరేళ్ళిస్తాడు. కడుపు చల్లగా ఉంటుంది. ఈ పిల్లవాడు చెప్పేది నమ్మకు తండ్రీ."

ఆరడుగుల గడ్డపు అర్బాబ్‌ను, మేకలవాడు పాలు తాగే పసివాణ్ణి పిలిచినట్టు పిలిచాడు. అదీ పూర్వకాలపు ఖతరీ అవ్వ యాసలో, సాగతీసి, ముక్కుతో. మరుక్షణం గది నవ్వులతో పగిలిపోయింది. ఒకాయన మెత్త మీద దొర్లాడు. ఇంకొకాయన గహ్వా మింగలేక, కక్కలేక అవస్థపడ్డాడు. అర్బాబ్ తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ, "అమ్మ! ఇది అమ్మ! అచ్చం అమ్మే!" అని తొడ చరుచుకున్నాడు.

రక్తం కళ్ళజూద్దామని వస్తే జనం నవ్వుతున్నారు. తిడదామని లింబాద్రి సురేందర్ వైపు తిరిగాడు. వచ్చింది ఇదీ: "నాన్నా, దేవుడు నీకు మంచి బుద్ధి ఇవ్వాలి. అన్న పళ్ళెంలో ముద్ద లాక్కోవచ్చా? మా అమ్మను ఎందుకు చంపావమ్మా?"

అర్బాబ్ నవ్వు అక్కడ ఆగింది. "ఎవరి అమ్మను?"

"మా అమ్మను, ఫిదేతక్. ఎల్లవ్వ. బతికే ఉంది. చెల్లెలు ఉంది. పెళ్ళి నా చెల్లెలిదే. ఇప్పుడు వేడుక కూడా నా చెల్లెలి కొడుక్కే. మేనమామను నేను." జేబులోంచి ఫోన్ తీసి చూపాడు. తెర మీద ఎల్లవ్వ, తిరుమల, పక్కన గంధం రంగు చొక్కాలో సురేందర్.

అర్బాబ్ సురేందర్ వైపు తిరిగి గడగడ ఏదో అడిగాడు. ఆయనకు కోపమొస్తే మాట వేగం పెరుగుతుంది. సురేందర్ తెల్లమొహం వేశాడు. అతని అరబ్బీ మార్కెట్‌ది: ఎంత, తీసుకో, పో, లేదు, రేపు. దానితో ఒక అబద్ధం చెప్పవచ్చు. ఆ అబద్ధానికి జవాబు చెప్పడానికి మాత్రం అది చాలదు. అర్బాబ్ విసుగ్గా లింబాద్రి వైపు చూశాడు. "వీడికి నువ్వు చెప్పు, వీడి జవాబు నాకు చెప్పు."

అలా ఆ శుక్రవారం సాయంత్రం, ఏ రాతకోతలూ లేకుండా, తోటకు కొత్త దుబాసీ నియమితుడయ్యాడు.

"సురేందర్," అన్నాడు లింబాద్రి తెలుగులో, తాపీగా, "అర్బాబ్ అడుగుతుండు. రెండేండ్ల కింద లగ్గం ఎవరి చెల్లెదని."

సురేందర్ మొహాన నవ్వు అతికించుకుని, గొంతు తగ్గించాడు. "లింబన్నా, మంది ముంగట ఇజ్జత్ తీయకే. నీ కాల్మొక్త. ఏదో ఒకటి జెప్పు. ఊరోనివి కాదా? ఈసారి నువ్వే పోదువు గని. ఏదన్న మంచిది అల్లి జెప్పు."

లింబాద్రి మర్యాదగా అంతా విన్నాడు. దుబాసీ ధర్మం ఒకటుంటుంది: విన్నది విన్నట్టు చెప్పడం. ఆ ధర్మాన్ని సురేందర్ ఇన్నేళ్ళలో ఒక్కసారీ పాటించలేదు. లింబాద్రి అర్బాబ్ వైపు తిరిగి, అక్షరం జారకుండా చెప్పాడు: "ఇతను ఇలా అంటున్నాడు, కంటిపాపా: జనం ముందు నా పరువు తీయకు, నీ కాళ్ళు పట్టుకుంటా, ఏదో ఒకటి చెప్పు, ఏదన్నా మంచిది అల్లి చెప్పు."

గహ్వా కూజా దగ్గర గౌస్ గబుక్కున అటు తిరిగి దగ్గాడు.

ఈసారి ఇంకెవరూ నవ్వలేదు. అర్బాబ్ గడ్డం నిమురుకుంటూ లింబాద్రి వైపు తిరిగాడు. "నువ్వు ఊరికి పో. వీడిని ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. పంపించెయ్యమంటే రేపే టికెట్ తీసి పంపించేస్తా."

సురేందర్‌కు 'టికెట్' అన్న మాట తెలుసు.

ఇక్కడ మామూలు మనిషైతే క్షమించి పెద్దవాడనిపించుకునేవాడు, లేదా వెళ్ళగొట్టించి తృప్తిపడేవాడు. లింబాద్రి రెండేళ్ళు ఆలోచించినవాడు. రేపే టికెట్ ఇస్తే వీడు నేరుగా ఊళ్ళో దిగుతాడు. గుట్ట మీద కొత్త బట్టలు కట్టుకుని తయారవుతాడు. పంపేస్తే సెలవిచ్చినట్టే కదా!

"వద్దు నాన్నా," అన్నాడు. "ఇక్కడే ఉంచు. నేను వచ్చేదాకా మేకలు ఇతనే చూస్తాడు. గడ్డపు మేకపోతును ప్రత్యేకంగా చూడాలి. గురువారం యుమ్మా వస్తే ఎదురుగా కూర్చుని కథ వింటాడు, మొత్తం వింటాడు. కొత్త ఏసీ నా గదిలోకి వస్తుంది. ఇంకొకటి. నా బట్టలు నాకు ఇస్తాడు."

"ఏ బట్టలు?" అన్నాడు అర్బాబ్.

లింబాద్రి ఫోన్ తెర మీద వేలు పెట్టి చూపాడు.

నెల చివర, భీంగల్ దగ్గరి లింబాద్రి గుట్ట మీది గుళ్ళో, ఆ గుట్ట స్వామి పేరే పెట్టుకున్న మనిషి గంధం రంగు చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని పీట మీద కూర్చున్నాడు. చొక్కా చంకల దగ్గర పట్టేసింది, ప్యాంటు మడమల కిందికి జారి నేల ఊడుస్తోంది. ఎల్లవ్వ అటూ ఇటూ చూసి పెదవి విరిచింది. "సురేందర్‌కైతే కుట్టిచ్చినట్టుండె. ఆయ్న రాలేదేంరా? మంచి పిలగాడు."

లింబాద్రి రెండు రోజులుగా జరిగిందంతా చెబుతూనే ఉన్నాడు. ఎల్లవ్వ నమ్మడం లేదు. "నీకు తురకం రాదు, అరబ్బీ ఎట్లొస్తదిరా? ఆయ్న నీ చెల్లె లగ్గం చూసుకున్నడు గద" అంటోంది. ఖతర్‌లో ఓడినవాడు పల్లెలో ఇంకా గెలుస్తూనే ఉన్నాడు. పగకు ఎన్ని భాషలు నేర్చినా, తల్లి దగ్గర పనికొచ్చేది ఒక్కటీ లేదు.

మంగలి కత్తెర చేతికిచ్చాడు. ఒళ్ళో పిల్లవాడు కొత్త మొహాన్ని, కత్తెరను చూసి గుక్కపట్టి ఏడ్చాడు. లింబాద్రికి పసివాళ్ళను ఊరడించే మాటలు తెలుగులో ఎప్పుడూ అవసరం పడలేదు. నోటికి వచ్చిన మాటలు వచ్చాయి. "ఫిదేతక్ యుమ్మా, ఫిదేతక్" అని ముక్కుతో సాగదీస్తూ, చెవిలో గొణుగుతూ, మొదటి వెంట్రుకలు కత్తిరించాడు. పిల్లవాడు ఏడుపు ఆపి, ఆ వింత చప్పుడుకు నోరు తెరిచి చూశాడు.

ఎల్లవ్వ ముక్కున వేలేసుకుంది. "ఓరి! వచ్చిందే నీకు నిజంగనే. ఏమంటున్నవ్‌రా పిలగాన్ని?"

దుబాసీ ధర్మం బాగా తెలిసిన లింబాద్రి, కత్తెర పళ్ళెంలో పెట్టి, చంకల దగ్గర చొక్కా సర్దుకుని, తల్లికి తెలుగులో చెప్పాడు:

"పిలగాన్ని కాదవ్వా. సురేందర్‌ను తిట్టిన."